విమ్మెరా సీమలో బంతియాట తుది పోటీలు

నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము దూరదేశపు ఆట యొకటి. ఆటల ముచ్చట పిల్లలకుగాని తలనెరసినవారికేల యని తమలో కొందరు తలంపవచ్చును. ఆటగంట మ్రోగినంతనే పిల్లలు నా వ్యాకరణపాఠమును నడుమనే విడిచి పరుగెత్తుట చూచి చిన్నబుచ్చుకొన్న ఉపాధ్యాయుడను గావున నేనును ఒకప్పుడట్లే తలంచితిని. ఐనను, ఆస్ట్రేలియాలో విమ్మెరా యను వ్యవసాయసీమయందలి పల్లెలు తమ ఆటను నడపుకొను తీరు తెలిసికొన్న పిమ్మట, ఇది కేవలము పిల్లల వినోదము కాదనియు, ఊరి బ్రదుకుతో ముడిపడిన పెద్దల వ్యవహారమనియు నాకు బోధపడినది. ఆ తీరును మీకు విన్నవింతును.

ఆస్ట్రేలియా ఖండమునకు ఆగ్నేయభాగమున విక్టోరియా యను రాష్ట్రము గలదు. మెల్బోర్ను దాని రాజధాని. అచటినుండి వాయవ్యముగా సుమారు 300 కిలోమీటర్లు పోయినచో హార్షమ్ అను పట్టణము చేరుదుము. దాని చుట్టు పరచుకొనియున్న చదునునేలయే విమ్మెరా; అచటి నదికిని అదే పేరు. ఆ నేలకు మూలవాసులు వోట్జోబలుక్ మొదలగు జాతులవారు. 2005లో న్యాయస్థానము ఆ సీమయందు వారి భూమిహక్కును గుర్తించినది. సాలునకు సుమారు 400 మిల్లీమీటర్ల వానతో అచటి రైతులు గోధుమ, యవలు, మసూరలు, శనగలు పండింతురు. ముర్టోవా యను చిన్న ఊర 1941–42 సంవత్సరములలో 560 చెట్టుమ్రాకులను కంబములుగా నిలిపి కట్టిన గోధుమకొట్టు నేటికిని చూపరులకు అచ్చెరువు గొలుపుచున్నది. మన దేశమునకు దిగుమతియగు మసూరలలో కొంతభాగము ఆస్ట్రేలియానుండియే వచ్చుచుండును. ఆ దేశమున మసూరలు పండు ముఖ్యసీమలలో విమ్మెరా యొకటి. కావున మన వంటయింటికి ఆ సీమ బొత్తిగా పరాయిది కాదు.

భూగోళమునకు దక్షిణార్ధమున నుండుటచే అచటి ఋతువులు మన ఋతువులకు విలోమములు. మనకు మండువేసవి యైన ఏప్రిలు, మే నెలలలో వారు గోధుమ విత్తుదురు. జూను, జూలై నెలలు వారికి చలికాలము. సెప్టెంబరున వసంతము ప్రవేశించును. నవంబరు, డిసెంబరు నెలలలో కోతలు. విత్తుటకును కోతకును నడుమ పైరు తనంత తాను ఎదుగుచుండ, రైతునకు శనివారము కొంత తీరిక చిక్కును. ఆ తీరికయే వారి బంతియాటకు కాలము. ఏప్రిలులో మొదలిడి ఆగస్టు వరకు ఊరూరును తలపడి, సెప్టెంబరున పైరు వెన్ను దీయు వేళకు తుది పోటీలు ముగియునట్లు పంచాంగము కుదిరియున్నది. ఆ నెలలో అచటి రైతు ఒక కన్ను మబ్బుమీదను, ఒక కన్ను బంతిమీదను ఉంచుననుట అతిశయోక్తి కాదు.

ఈ ఆట పుట్టుకకును ఆ ప్రాంతమునకును చుట్టరికము గలదు. టామ్ విల్స్ అనునతడు విమ్మెరాకు అంచుననున్న అరరట్ ఊరి దాపున, మోయిస్టన్ చెంత బాల్యము గడపి, అచటి మూలవాసుల పిల్లలతో ఆడి పాడి వారి భాష నేర్చెను. పిదప ఇంగ్లండులో చదివి మరలివచ్చి, చలికాలమున క్రికెట్టు ఆటగాండ్ర దేహములు బిగువు సడలకుండుటకై ఒక బంతియాట సంఘము కావలెనని 1858 జూలైలో ఒక పత్రికకు జాబు వ్రాసెను. 1859 మే 17వ తేదీన అతడును మరికొందరును మెల్బోర్నులో గూడి నియమములు వ్రాసిరి. మూలవాసుల బంతియాటలు ఈ ఆటపై ఎంతవరకు ఛాయ వేసినవను విషయమున పండితులలో వాదము నేటికిని తెగలేదు. ఆ విల్సే 1866లో ఆ పశ్చిమసీమ మూలవాసులగు క్రికెట్టు ఆటగాండ్రకు శిక్షణ మిచ్చెను. వారిలో పలువురు 1868లో ఇంగ్లండునకు పోయి ఆడిరి. ఆస్ట్రేలియానుండి ఆ దేశమునకు పోయిన క్రికెట్టు జట్లలో అదియే మొదటిది.

ఇక ఆట స్వరూపము. మనకు తెలిసిన ఫుట్ బాలు వేరు, ఇది వేరు. మైదానము కోడిగ్రుడ్డు ఆకృతి గలది. బంతియు అట్లే కోలగా నుండును. ఒక్కొక్క వైపున పదునెనమండుగురు దిగుదురు. ఇరుకొసలను నాలుగేసి నిలువు కంబములు నాటబడియుండును. నడిమి రెండు పొడుగైనవి, ప్రక్కవి పొట్టివి. కాలితో తన్నిన బంతి నడిమి కంబముల మధ్యగా నేరుగా పోయినచో అది గోలు, దానికి ఆరు అంకెలు. నడిమి కంబమునకును ప్రక్క కంబమునకును మధ్యగా పోయినచో ఒక్క అంకె మాత్రమే. ఆరంకెలకు న్యాయనిర్ణేత రెండు తెల్లజెండాలను, ఒక్క అంకెకు ఒక జెండాను ఊపును. బంతిని చేత పట్టవచ్చును. ఐనను విసరరాదు, పిడికిలితో గ్రుద్ది తోటివానికి అందింపవలెను. పట్టుకొని పరుగెత్తువాడు పదునైదు మీటర్లకొకసారి దానిని నేలకు తాకింపవలెను. పదునైదు మీటర్లకు తక్కువగాక ఎగిరివచ్చిన తన్నుబంతిని గాలిలోనే చేజారక పట్టినవానిని ఎవ్వరును అడ్డగింపరాదు; అతడు నెమ్మదిగా నిలిచి గురిచూచి తన్నవచ్చును. నలుగురిమీదుగా ఎగిరి ఆ బంతిని అందుకొనుటయే ఈ ఆటకు శోభ.

లెక్కలోని చమత్కార మొకటి చూడుడు. ఒక జట్టు పదుమూడు గోళ్ళును, మూడు ఒంటి అంకెలును సాధించినదనుకొందము, మొత్తము 81. వేరొక జట్టు పండ్రెండు గోళ్ళే సాధించెను, కాని ఒంటి అంకెలు పది గలవు, మొత్తము 82. గోళ్ళు తక్కువైన జట్టే గెలిచెను. చిల్లర యని చులకన చేసినవాడు తుదకు చిల్లరచేతనే ఓడుననుట కిదియొక దృష్టాంతము.

విమ్మెరా లీగు అనబడు కూటమిలో హార్షమ్, అరరట్, స్టావెల్, డింబూలా, నిల్ మొదలగు ఊళ్ళు ఆడుచు వచ్చినవి. ఆట గెలిచిన జట్టునకు నాలుగు గుణములు, సరిసమానమైనచో రెండేసి, ఓడినవారికి సున్న. ఈ గుణముల వరుసను వారు నిచ్చెన యందురు. మన వైకుంఠపాళిలోని నిచ్చెనవలెనే యని యెంచుడు. ఇద్దరికి గుణములు సమానమైనచో, తాము సాధించిన అంకెలను తాము సమర్పించుకొన్న అంకెలతో భాగించి నూటితో గుణింతురు. ఒక జట్టు ఏడాదిలో 1200 సాధించి 1000 సమర్పించుకొన్నచో దాని లెక్క 120. ఈ లెక్క ఎక్కువైనవారు పై మెట్టున నిలుతురు. కావున ఓడుట నిశ్చయమైన ఆటయందును చివరివరకు పోరాడవలసినదే. నాడు తగ్గించుకొన్న పదియంకెలు ఆగస్టు చివర ఊరిని నిలుపవచ్చును.

ఆగస్టు మాసమున ఆ సీమయందంతట ఈ కూడికలు, భాగహారములే. ఎవ్వరు పైనుందురు, ఎవ్వరు తుది పోటీలకు అందుదురు, ఎవ్వరు ఒక్క మెట్టు క్రింద చిక్కుకొందురు అని రొట్టెల అంగడిలోను, ధాన్యపు కాటా చెంతను ఇదే చర్చ.

తుది పోటీల ఏర్పాటున ఒక న్యాయసూత్రము ఇమిడియున్నది. ఏడాది పొడవున కష్టపడి అగ్రస్థానమున నిలిచిన జట్టు ఒక్కనాటి దురదృష్టముచేత సర్వమును పోగొట్టుకొనుట ధర్మమా? కాదనిన, ఓడినను పరవాలేదనుట మాత్రము ధర్మమా? మెల్బోర్నులోని పెద్ద లీగునందు పూర్వము అగ్రస్థానమువారు తుది పోటీలలో ఓడినచో మరల నొక పోటీ కోరు హక్కుండెడిది. దానిచే ఏది కడపటి ఆటయో ముందుగా చెప్ప వీలులేకుండెను. ఈ చిక్కును విడదీసిన పద్ధతిని రూపొందించినవాడు కెన్ మెకింటైర్. ఆ పద్ధతి 1931లో ఆ లీగునందు అమలునకు వచ్చినది. అది సులభమైనది, ఆలకింపుడు.

నిచ్చెనపై నలుగురిని గైకొందురు. మొదటివారును రెండవవారును ఒక ఆట. మూడవవారును నాల్గవవారును ఒక ఆట. మూడు నాలుగు స్థానములవారిలో ఓడినవారు ఇంటికి పోవలసినదే. ఒకటి రెండు స్థానములవారిలో గెలిచినవారు నేరుగా మహాపోటీకి పోదురు. ఓడినవారికి ఇంకొక అవకాశము. వారు మరుసటి వారమున క్రిందినుండి గెలిచివచ్చినవారితో తలపడవలెను. అందు గెలిచినవారే మహాపోటీలో రెండవ పక్షము. ఇట్లు మొత్తము నాలుగే ఆటలు. కడపటి ఆట ఏనాడో ముందే తెలియును. రెండవ అవకాశము కష్టపడి పైకెక్కినవారికే దక్కును. కాని మూడవది ఎవ్వరికిని లేదు. మహాపోటీలో ఓడినవాడు అగ్రస్థానమువాడైనను సరే, ఓడినవాడే. వైకుంఠపాళిలో తుదిమెట్టు దాపుననే పెద్దపాము పొంచియుండును గదా! పిదప ఐదు జట్లకును ఇట్టి పద్ధతినే మెకింటైర్ కల్పింపగా, 1972లో ఆ పెద్ద లీగు దానిని గైకొన్నది. పల్లెలీగులలో పెక్కు ఈ పద్ధతులను, వాని రూపాంతరములను పాటించుచున్నవి.

ఇంకొక న్యాయము. తుది పోటీలు దగ్గరపడినప్పుడు ధనవంతులగు క్లబ్బులవారు పట్టణమునుండి మేటి ఆటగాండ్రను కూలికి దెచ్చి నిలిపినచో, ఏడాది పొడవున చలిలో ఆడిన ఊరి పిల్లవాని గతి యేమి? దీనికై, ఆ ఏడు ఆ క్లబ్బు తరఫున నిర్ణీతసంఖ్యలో ఆటలు ఆడనివారు తుది పోటీలలో దిగరాదను నిబంధన గలదు. మరియు 2016లో విక్టోరియా రాష్ట్రమంతటను ఆటగాండ్రకు వెల కట్టు గుణపద్ధతి యొకటి ఏర్పరచిరి. ఊరిలోనే పెరిగి ఆట నేర్చినవానికి ఒక గుణము. బయటినుండి వచ్చినవాని సామర్థ్యమునుబట్టి ఎక్కువ గుణములు. జట్టు మొత్తపు గుణములు హద్దు మీరరాదు. అనగా ఊరి బిడ్డ తేలికగా తూగును, అరువు వీరుడు బరువుగా తూగును. మరుసటి ఏడు ఆటగాండ్రకు ఇచ్చు సొమ్మునకును హద్దు పెట్టిరి.

లీగులోని ఉత్తమ ఆటగానికి ఏటేట నొక పతకమిత్తురు. విమ్మెరా లీగులో దానిపేరు టూహీ పతకము. ప్రతి ఆట చివరను న్యాయనిర్ణేతలు ముగ్గురిని ఎంచి మూడు, రెండు, ఒకటి చొప్పున గుణములు వేయుదురు. ఇట్టి పతకములు కేవలము ఉత్తమునకు గాక, ఉత్తముడును న్యాయవర్తనుడును అగువానికి ఉద్దేశింపబడినవి. విద్యకు వినయము భూషణమని మనము బడులలో చెప్పుదుము; వారు దానిని పతకమున చెక్కి చూపిరి.

ఇంతవరకు నియమములు చెప్పితిని. ఇక అసలు సంగతి. ఈ లీగు పేరులో నెట్ బాల్ అను మాటయు గలదు. అదే ఆవరణమున, అదే శనివారమున స్త్రీలును బాలికలును గంపవంటి వలలో బంతి వేయు ఆ ఆట ఆడుదురు. పెద్దల జట్టు, దానికి తోడు రెండవ జట్టు, వయసువారీగా బాలుర జట్లు, ఇట్లు ఉదయమునుండి సాయంకాలమువరకు ఊరంతయు అచ్చటనే. మైదానము చుట్టు కార్లను ముందుభాగము లోనికి త్రిప్పి నిలిపి, గోలు పడినప్పుడెల్ల హారన్లు మ్రోగింతురు. వంటగదిలో పాలుపంచుకొనువారు, గేటుకడ రుసుము వసూలుచేయువారు, గీతలు గీయువారు, అందరును ఊరివారే.

ఇన్ని జట్లకు మనుష్యులు కావలెను గదా! ముందు జట్టుకే మార్పుగాండ్రతో గూడ ఇరువదిమందికి పైబడి కావలయును. పెద్దయంత్రములు వచ్చినకొలది కమతములు పెరిగినవి. కమతములు పెరిగినకొలది కుటుంబములు తగ్గినవి. పదికుటుంబములు దున్నిన నేలను ఒకటి రెండు కుటుంబములు దున్నుచున్నవి. యువకులు చదువులకై మెల్బోర్నుకో, బాలరట్ నగరమునకో పోవుదురు. వారిలో కొందరు శనివారమున గంటలకొలది కారు నడపుకొని వచ్చి ఊరి తరఫున ఆడి మరలిపోవుదురు. అట్లు వచ్చువారును కరవైనప్పుడు క్లబ్బులు కలిసిపోవును. మినిప్, ముర్టోవా అను పొరుగూళ్ళు ఒకప్పుడు వేరు క్లబ్బులు; 1990 దశకమునుండి అవి ఒక్కటి. ఆ సీమయందలి జెపారిట్, రెయిన్ బో అను ఊళ్ళ జట్టును ఇప్పుడు జంటపేరుతోనే పిలుతురు. మన పల్లెలలో బడి మూతపడినచో ఊరికి ఎట్టి దిగులు కలుగునో, అచట జట్టు లేకుండ పోయినచో అట్టి దిగులు. 2020లో మహమ్మారిచే లీగు ఆటలన్నియు నిలిచిపోయినప్పుడు, మనుష్యులు ఒకరినొకరు చూచుకొను చోటే లేక ఆ ఏటి చలికాలము గడచినది. నిల్ అను ఊరికి మాత్రము 2010 ప్రాంతమునుండి బర్మా సరిహద్దులనుండి వచ్చిన కరెన్ కుటుంబములు బాతుమాంసపు కర్మాగారమున పనికై వచ్చి కాపురముండగా, తగ్గుచున్న జనసంఖ్యకు కొంత ఊతము దొరకినది.

మెల్బోర్నులో కాపురమున్న మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు, ఒక ఆగస్టు శనివారమున మా అల్లుడు నన్ను ఆ సీమకు తీసికొనిపోయెను. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాటలాడువారు ఏబదివేలకు మించియున్నారు గనుక, అట్టి ప్రయాణము మన ముదుసలులకు వింత కాదు. మైదానపు కంచెను ఆనుకొని నా యీడు రైతు ఒకడు నిలిచియుండెను. పొరుగూరి జట్టు గోలు సాధించినప్పుడెల్ల అతడు పండ్లు కొరుకుచుండెను. “ఆ ఊరిమీద తమకింత కోపమేల?” యని అల్లునిచే అడిగించితిని. అతడు నవ్వి యిట్లనెను: “ఏబదియేండ్లనుండి ఆ ఊరు ఓడవలెననియే నేను కోరుచున్నాను. నిరుడు వారికి ఆటగాండ్రు చాలక క్లబ్బు మూయుదురని వదంతి పుట్టినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు మా అబ్బాయినే వారి రెండవ జట్టునకు పంపుదమా యని ఆలోచించితిని.”

మా అల్లుడు ఆ మాటలను తెలిగించుచు, “మామగారూ, వీరు విచిత్రపు మనుష్యులు” అనెను. నాకు మాత్రము అందు విచిత్రము కానరాలేదు. నలుబదియేండ్లు తర్కము చదివిన నాకు ఆ రైతు ఒక్క మాటలో బోధించినది యేమనగా, పూర్వపక్షము లేనిదే సిద్ధాంతము లేదు. ఎదుటివాడు బలముగా వాదించినప్పుడే మన వాదమునకు విలువ. ఎదుటి ఊరు నిలిచినప్పుడే మన ఊరి గెలుపునకు అర్థము. నిచ్చెన, రెండవ అవకాశము, ఊరిబిడ్డకు తక్కువ గుణము, న్యాయవర్తనునకు పతకము, ఇవన్నియు గెలుచుటకు ఏర్పడిన నియమములు కావు; పోటీ చావకుండుటకు ఏర్పడినవి.

మన గ్రామములందును కక్షలు గలవు. నీటివంతుకు, తీర్థపు మొదటి మర్యాదకు, ఎడ్లపందెమునకు పొరుగూరితో తగవులాడుదుము. తగవు తప్పని నేననను. ఐనను పొరుగూరి చెరువు ఎండినప్పుడు, పొరుగూరి బడికి పిల్లలు లేనప్పుడు మనకును నిద్ర పట్టకుండవలెను. పెద్దలైనవారు చేయవలసినది అదియే.

సెప్టెంబరు మాసపు శనివారమున ఆ సీమవారి మహాపోటీ ముగియును. గెలిచినవారు రాత్రియెల్ల పాడుకొందురు. ఓడినవారు తలవంచుకొని కార్లెక్కుదురు. మరునాడు ఉభయులును తమ తమ పొలములకు పోయి పైరుపైన మంచు పడెనా లేదా యని చూచుకొందురు. కోతలు దగ్గరపడును. గెలిచినవానికిని ఓడినవానికిని వాన ఒక్కటే.